గరగర ఆగిన చోటు

మా బాపు పోయాక, ఆయన రేడియో ముల్లును మా యాడి ఎవరినీ ముట్టనివ్వలేదు. యాడి అంటే మా తండా మాటలో అమ్మ.

ఆ రేడియో బాపు భూపాలపల్లి బొగ్గు గని దగ్గర కూలి పనికి పోయిన ఏడాది కొన్నది. నల్లటి డబ్బా, పట్టీ తెగితే దాని చోట కట్టిన కరెంటు వైరు, ఒక మూల పగిలిన అద్దం. మానుకోట దవాఖానకు బయల్దేరిన రోజు బాపు మంచం మీద పడుకుని, పాట కోసం ముల్లు తిప్పుతూ తిప్పుతూ రెండు స్టేషన్ల మధ్య ఎక్కడో ఆపాడు. అప్పుడే ఆటో వచ్చింది, లేచి వెళ్లాడు. మళ్లీ ఇంటికి రాలేదు. మానుకోట అంటే మహబూబాబాదే, మాలో ఎవరూ ఆ పొడుగు పేరు పలకరు.

బాపు ముల్లు ఆపిన చోట స్టేషన్ లేదు. ఉత్త గరగర. యాడి పొద్దున లేవగానే రేడియో పెట్టుకుని ఆ గరగర పక్కనే పడుకునేది. స్టేషన్ లేని ఎఫ్‌ఎం ఎలా ఉంటుందంటే, రేకుల మీద సన్నటి వాన ఆగకుండా పడుతున్నట్టు ఉంటుంది. సెల్లు అయిపోతే కొత్తవి వేయనిచ్చేది, కానీ నా వేళ్లు ముల్లు వైపు పోతున్నాయేమోనని కళ్లార్పకుండా చూసేది. నోటితో మాత్రం ఏమీ అనేది కాదు. అప్పటికే ఆమె మాట్లాడడం మానేసింది.

బాపు పోయిన మర్నాడు తండా ఆడవాళ్లు వచ్చి, ఆమె మోచేతి పైనుంచి భుజం దాకా ఉన్న తెల్ల గాజులు తీసేశారు. మా ఆచారం అది. పెళ్లి నాటి నుంచీ తీయని గాజులు. వాటి కింద చర్మం ఎండ ఎరగదు, అక్కడ మాత్రం ఆమె చిన్నపిల్లలా తెల్లగా ఉంది. నా చిన్నప్పుడు యాడి ఎక్కడుందో కళ్లతో వెతికే పనే లేదు. పత్తిచేనులో ఉన్నా, పొయ్యి దగ్గర ఉన్నా గాజుల చప్పుడే చెప్పేది. ఇప్పుడు ఆమె ఇంట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు వచ్చినా తెలిసేది కాదు, ఉలిక్కిపడేవాణ్ని.

తిండి కూడా తగ్గిపోయింది. రొట్టె ముక్క ముందు పెడితే దాన్ని చూస్తూ కూర్చునేది. మానుకోటలో చూపిస్తే డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, నన్ను బయటికి పిలిచాడు.

"రోగం ఏం లేదు తమ్మీ. గాని గిట్లనే తినకుంటే మనిషి దక్కది. జర దగ్గర కూసుండి మాట్లాడుండ్రి."

మాట్లాడమన్నాడు, మంచిదే. కానీ నేను మాటల మనిషిని కాను. తొర్రూరులో మోటర్ వైండింగ్ షాపులో పని చేసేవాణ్ని. లో-వోల్టేజీకి కాలిపోయిన బోరు మోటర్లతోనే నా బతుకంతా గడిచింది. కాలిన మోటరు విప్పి, మాడిన తీగ పీకి, కొత్త తీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టాలి. చుట్లు లెక్కపెట్టేవాడు మాట్లాడకూడదు, లెక్క తప్పుతుంది. అలా నాకు మౌనం అలవాటైంది. దానికి తోడు యాడి మౌనం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటే, మధ్యలో రేడియో ఒక్కటే గరగరమనేది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. బళ్లు లేవు, ఆఫీసులు లేవు. తొర్రూరు చౌరస్తాలో టెంటు, టెంటు ముందు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు. షాపు యజమాని షట్టరు దించి తాళం వేస్తూ నాతో అన్నాడు.

"పో, ఇంటికి పోయి మీ అవ్వను చూస్కో. తెలంగాణ వచ్చినంక తెరుద్దాం."

సగం వేళాకోళం, సగం నిజం. నేను సైకిలెక్కి తండాకు వచ్చేశాను. వస్తూ వస్తూ ఒక సంచి నిండా తుక్కు తెచ్చుకున్నాను. మాడకుండా మిగిలిన రాగి తీగ ముక్కలు, పాత టేప్‌రికార్డర్ నుంచి పీకిన మైకు, నాలుగైదు ట్రాన్సిస్టర్లు, ఇంకా ఏవేవో. అది నా పిచ్చి. కొందరు పేకాట ఆడతారు, నేను రేడియోలు కడతాను.

ఆ పిచ్చి జనగామలో అంటుకుంది. అక్కడ హాస్టల్లో ఉండి ఐటీఐ చదివాను. హాస్టలు సందు మొదట్లో ఒక రేడియో రిపేరు షాపు ఉండేది. దాన్ని నడిపే పెద్దమనిషిని ఊరంతా ఉస్తాద్ అనేది, నేనూ అదే అన్నాను. మీటర్ల కన్నా తన చెవినే ఎక్కువ నమ్మేవాడు. మాటను గాలిలోకి వదిలే చిన్న సర్క్యూట్ కట్టడం నాకు నేర్పింది ఆయనే. ఒక్క ట్రాన్సిస్టరు, పెన్సిలు మీద చుట్టిన ఐదారు చుట్ల రాగి తీగ, ఒక మైకు, ఒక బ్యాటరీ. మనం కట్టిన దానికి కరెంటు ఇచ్చి, పక్కన రేడియో పెట్టి, ముల్లు మెల్లగా తిప్పుతూ పోవాలి. గరగర, గరగర, ఉన్నట్టుండి ఒక చోట గరగర ఆగిపోతుంది. పాట ఉండదు, మాట ఉండదు, ఉత్త నిశ్శబ్దం. మొదటిసారి అది విన్నప్పుడు రేడియో చెడిపోయిందనుకున్నాను. ఉస్తాద్ నవ్వాడు.

"చెడిపోలే బేటా. గరగర ఆగిందంటే నీ స్టేషన్ దొరికినట్టే. అది నువ్వు మాట్లాడుతవని చూస్తున్నది. ఇగ మాట్లాడు."

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. మైకులో ఊదాను. రేడియోలో గాలి వీచింది. ఆ మధ్యాహ్నం జనగామ ఎండలో హాస్టలుకు నడుస్తుంటే కాళ్లు నేల మీద ఉన్నట్టు లేవు. గోడలూ చెట్లూ నన్ను ఆపలేవు, నేను ఊదిన గాలి వాటిలోంచి పోతుంది అనుకుంటూ నడిచాను.

మాట్లాడలేకపోవడానికి ఒక కారణం ఉంది. హాస్టల్లో చేరిన కొత్తలో బాపు ఫోను చేస్తే మా తండా మాటలో మాట్లాడాను. గదిలో వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. మళ్లీ మాట్లాడు, మళ్లీ మాట్లాడు అని వెంటపడ్డారు. తెలంగాణ మాటను సినిమాల్లో వెక్కిరిస్తారని మండిపడేవాళ్లు కూడా వాళ్లే. అది నాకు అప్పుడు తట్టలేదు, నవ్వు మాత్రం చెవుల్లో ఉండిపోయింది. తర్వాతి ఫోను నుంచి బాపు మా మాటలో అడిగితే నేను తెలుగులో జవాబు చెప్పాను. ఇంటికి వచ్చాక కూడా అదే అలవాటైపోయింది. యాడి తన మాటలో అడిగేది, నేను తెలుగులో చెప్పేవాణ్ని. మా ఇంట్లో ఆ మాట పూర్తిగా మాట్లాడుకునేది వాళ్లిద్దరే. అందులో ఒకరు పోయారు. ఇదంతా ఇప్పుడు రాస్తుంటే తెలుస్తున్నది గానీ, అప్పుడు నాకు తెలిస్తే కదా.

అప్పుడు నాకు తట్టిన ఉపాయం వేరు. మా మక్కచేను ఇంటి నుంచి చేయి ఊపితే కనిపించేంత దూరం, పిలిస్తే వినిపించనంత దూరం. కంకులు పాలు పోసుకునే కాలం, చిలుకల్ని తోలడానికి పగలంతా మంచె మీద ఉండాలి. యాడి ఇంట్లో ఒక్కతే గరగర వింటూ ఉంటుంది. ఆ గరగరలోకి నేను పోగలిగితే? ఆమె ముల్లు ముట్టనివ్వదు కాబట్టి ఆమె స్టేషన్ నా దగ్గరికి రాదు. నేనే బాపు ముల్లు ఆపిన చోటికి పోవాలి.

లైసెన్సు లేకుండా గాలిలోకి మాట వదలడం తప్పని నాకు తెలుసు. నా స్టేషన్ పరిధి ఒక మక్కచేను, ఒక ఇల్లు. ఎవరైనా పట్టుకుంటే ఆ మాటే చెప్దామనుకున్నాను.

కరెంటు ఉన్న కాసేపట్లో సోల్డరింగు ముగించాను. వాకిట్లో గోనెపట్టా పరిచి, సర్క్యూట్‌ను దాని మీద పెట్టుకుని కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. లోపల గరగర. తీగ చుట్లు కాస్త ఎడం చేస్తే స్టేషన్ ఒక వైపు జరుగుతుంది, దగ్గరికి నొక్కితే ఇంకో వైపు జరుగుతుంది. ఇనుప స్క్రూడ్రైవరుతో చుట్లు కదిపితే చేయి తీయగానే స్టేషన్ మళ్లీ జరిగిపోతుంది, అందుకని వెదురు పుల్ల చెక్కుకున్నాను. వెంట్రుకవాసి కదపడం, చెవి లోపలి వైపు పెట్టడం. గరగర. మళ్లీ కదపడం. గరగర. ఎండ వాకిట్లోంచి గడప మీదికి పాకింది. ఎవరో దూరంగా డప్పు కొడుతున్నారు, రోడ్డు మీద ఊరేగింపు పోతున్నట్టుంది. నాకు నిద్రలో ఉన్నట్టే ఉంది.

అప్పుడు లోపల గరగర ఆగింది.

యాడి లేచి కూర్చుంది. రేడియో పట్టుకుని ఊపింది. చెవికి ఆనించుకుంది. ఆమె ముఖంలో భయం పుట్టింది. బాపు ఆపిన చోటు చచ్చిపోయిందనుకుంది. నేను కంగారుగా మైకు దగ్గరికి తీసుకున్నాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. నోట్లోంచి వచ్చింది ఇది:

"నమస్కారం. శ్రోతలకు శుభాకాంక్షలు. సమయానికి భోజనం చేయడం ఆరోగ్యానికి ఎంతో ముఖ్యం."

నవ్వకండి. రేడియో అంటే అలాగే మాట్లాడాలని మా తరం మొత్తం అనుకునేది. రేడియోలో యాస ఉండకూడదు, ఆకలి ఉండకూడదు, అమ్మ ఉండకూడదు. యాడి కాసేపు విని, రేడియోను పక్కన పెట్టి, కొంగు ముఖం మీదికి లాక్కుని పడుకుంది. నేను మైకు ఆపేశాను. గరగర మళ్లీ మొదలైంది.

ఆ సాయంత్రం ఉస్తాద్‌కు ఫోను చేసి చెప్పాను. ఆయన జనగామలో టెంటు కింద ఉన్నాడు, వెనక పాటలు వినిపిస్తున్నాయి. తిట్టాడు.

"అరే, గింతమందిమి రోడ్ల మీద కూసున్నది ఎందుకురా? మన మాట మనం మాట్లాడుకుందామనే గద. రేడియోల గూడ మన మాటల్నే మాట్లాడు."

నిజమే కదా అనిపించింది. తొర్రూరు టెంటులో నేనూ మన యాస గురించి ఒకసారి మైకు పట్టుకుని మాట్లాడాను, చప్పట్లు కూడా కొట్టారు. మర్నాడు మంచె మీదికి సర్క్యూట్ ఎక్కించాను. యాంటెన్నా తీగను మంచె గుంజకు కట్టాను. ఎండకు స్టేషన్ జరగకుండా తీగ చుట్ల మీద కొవ్వొత్తి మైనం పోశాను. మైకు నోటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టాను.

"అవ్వా, మంచిగున్నవా? జర ఇంత తిను. నువ్వు తినకుంటే మాకు మస్తు పరేషాన్ ఐతున్నది. గిట్ల పండుకుంటే ఎట్ల?"

అలా వారం రోజులు. వానల గురించి చెప్పాను, సమ్మె గురించి చెప్పాను, మక్కల గురించి చెప్పాను. ప్రతి మాట చివర తిను అన్నాను. ఇంటికి పోయి చూస్తే రొట్టె పెట్టినది పెట్టినట్టే ఉండేది. రేడియో శబ్దం మాత్రం బాగా తగ్గించి ఉండేది. ఆమె చెంప ఎముకలు తేలాయి. ఆ తెల్లటి చేతుల మీద చర్మం వదులైంది. ఈమె కూడా పోతుందని నాకు ఖాయమైపోయింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

బర్రెతో చెప్పుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఎప్పటిలా తిను తిను అని ముగించి, మైకు పక్కన పెట్టి మంచె దిగాను. గుంజకు కట్టిన బర్రె తాడు మెలికపడి మెడ తిప్పలేకపోతున్నది. దాన్ని విప్పుతూ మాటలు మొదలుపెట్టాను. పశువులతో నేను ఎప్పుడూ మా తండా మాటే మాట్లాడతాను. వాటితో తెలుగు మాట్లాడాలన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. మా మాటకు సొంత లిపి లేదు, రాసినా చదివేవాళ్లు తక్కువ, అందుకని తెలుగులోనే చెబుతున్నాను. ముందు దాన్ని తిట్టాను. బుద్ధి లేదా, తాడు చుట్టుకోవడం తప్ప నీకు ఇంకో పని లేదా అన్నాను. అది తన పెద్ద కళ్లతో నన్ను చూసింది. ఆ చూపుకు నాకు ఎక్కడలేని దుఃఖం వచ్చింది.

నీకేం, గడ్డి ఉంది, తింటావు అన్నాను. నాకు పొద్దుటి నుంచి ఆకలవుతున్నది. నేనే రొట్టె చేసుకున్నాను, ఒక పక్క మాడింది, ఒక పక్క పచ్చిగా ఉంది, గొంతు దిగలేదు. యాడి చేసిన బాటి, అదే జొన్నరొట్టె, తిని ఎన్నాళ్లయింది? ఆమెను అడగాలంటే భయం. ఏడుస్తుందేమోనని భయం. బాపు పోయిన రోజు నేను ఏడవలేదు, అన్ని పనులూ నేనే చూసుకోవాలి కదా, ఎప్పుడు ఏడవాలి? ఇప్పుడు ఈమె కూడా పోతే నన్ను మా మాటలో పిలిచేవాళ్లు ఎవరున్నారు? అలా ఏమేమో అన్నాను. బర్రె మెడ మీద తల పెట్టి బాగానే ఏడ్చాను. చిలుకలు వచ్చి వాలి కంకులు తింటున్నాయి, తిననీ అనుకున్నాను. మక్కాకులు గాలికి ఒరుసుకుంటున్నాయి. ఎండ పలచగా, పసుపుగా ఉంది. మంచె పక్కనే గట్టున కూర్చుని కళ్లు మూసుకున్నాను, కునుకు పట్టింది.

ఎవరో వచ్చిన చప్పుడు కూడా కాలేదు. కళ్లు తెరిచేసరికి యాడి నా ముందు నిలబడి ఉంది. చేతిలో గుడ్డమూట. ఎన్నో వారాల తర్వాత గడప దాటి, ఆ గట్ల మీద ఒక్కతే నడిచి వచ్చింది. రొప్పుతున్నది. మూట నా ఒళ్లో పెట్టింది. వేడి వేడి జొన్న బాటీలు.

ఆమె మా మాటలో అన్నదాన్ని మా వైపు తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది.

"బర్రెకు చెప్పినవ్. నాకు చెప్పరాదా ఆకలైతున్నదని?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత మంచె వైపు చూశాను. మైకు ఆపలేదు. అంతా పోయింది. తిట్టు, రొట్టె, ఏడుపు, అంతా బాపు ముల్లు ఆపిన చోట వినిపించింది.

"ఇన్ని దినాలు మాట్లాడిన గదా యాడీ, నేనని తెల్వలేదా?"

"గొంతు నీ లెక్కనే ఉండె. గాని ఎవలో సారనుకున్న. పొద్దంత తిను తిను అని ఒకటే చెప్పుడు. నేను తినకుంటే గా సారుకు ఏంది?" కొంగుతో నా ముఖం తుడిచింది. "నా కొడుకు నాతోని గట్ల మాట్లాడడు గదా."

నేను మాట్లాడుతున్నది అలాగే, ఏళ్లుగా. ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బాటీ తుంచి నోట్లో పెట్టుకున్నాను. రెండోది తుంచి ఆమెకు ఇచ్చాను. నమలడం మరిచిపోయినదానిలా కాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత తిన్నది. నేను ఆమె దవడల వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక బాటీ మొత్తం తిన్నది.

అప్పుడు మైకు ఆపడానికి లేచాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్యి."

"ఇంట్లె ఎవ్వరు లేరు యాడీ. ఎవరు వింటరు?" ఈసారి మా మాటలోనే అన్నాను. నాలుక తడబడింది.

"మీ బాపు పెట్టిన కాడ్నే గదా ఇనవడేది. ఉండనియ్యి."

ఆ మధ్యాహ్నమంతా మేం మంచె పక్కనే గట్టు మీద కూర్చున్నాం. ఆమె బాపు గురించి చెప్పింది. భూపాలపల్లి నుంచి వచ్చినప్పుడల్లా చెవుల్లో బొగ్గుపొడితో వచ్చేవాడట. రేడియో కొన్న రోజు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, దించితే పగులుతుందని దారంతా మోసుకొచ్చాడట. మా మాటలో ఎన్నడైనా పాట వస్తుందా అని ముల్లు తిప్పుతూనే ఉండేవాడట. ఆ సంగతి నాకు తెలియదు. ఆఖరి రోజు కూడా ఆయన వెతికింది అదే కావచ్చు. ఆమె గొంతు మొదట జీరగా ఉండి, మెల్లగా తేరుకుంది. మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా.

పొద్దు వాలుతుంటే సర్క్యూట్ విప్పి సంచిలో వేసుకుని, బర్రెను తోలుకుని ఇద్దరం ఇంటికి నడిచాం. మా ఇంటి ముందు ఆడవాళ్లు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. తలుపు గొళ్లెం బయటి నుంచి పెట్టి ఉంది, యాడి పెట్టి వచ్చిందే. మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు. పక్కింటి పెద్దమ్మ యాడిని కింది నుంచి పైదాకా చూసి, మెల్లగా అన్నది.

"మధ్యాహ్నం నుంచి నువ్వు లోపట మాట్లాడుతున్నవ్. నవ్వినవ్. గొళ్లెం చూస్తే బయట పెట్టి ఉన్నది. తీద్దామంటే చేతులు రాలే. నీ మాట మల్ల ఆగిపోతదేమోనని కూసున్నం."

ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. యాడి గొళ్లెం తీసి లోపలికి వెళ్లింది. నా సర్క్యూట్ సంచిలో ఉంది కాబట్టి రేడియోలో మళ్లీ గరగర వస్తున్నది, బర్రెతో నా మాటలు వినడానికి ఆమె శబ్దం పెంచినట్టుంది, గట్టిగానే ఉంది. ముల్లును ముట్టకుండా, స్విచ్చి మాత్రం తిప్పి, రేడియోను బంద్ చేసింది. బాపు పోయాక ఆమె దాన్ని తన చేత్తో బంద్ చేయడం అదే మొదటిసారి. తర్వాత పొయ్యి రాజేసి, వాకిట్లోకి తొంగి చూసి, ఎందరు తింటారని మా మాటలో అడిగింది.